తిత్తి పట్టిన చెయ్యి

మా బాపు హార్మోనియం పెట్టె చాలా ఏళ్ళుగా అటక మీదే ఉంది. బోధన్‌లో శక్కర్‌నగర్ క్వార్టర్సులో ఉన్న రోజుల్లో ప్రతి శనివారం భజనకు అది బయటికి వచ్చేది. ఆయన పోయాక ఎవరమూ దాని జోలికి పోలేదు. కిందటి దసరాకు ఇంటికి సున్నం వేయించేటప్పుడు కిందికి దించి చూస్తే, తిత్తి మడతల్లో రెండు చోట్ల ఎలుకలు కొరికిన చిల్లులు. 39 మెట్లలో నాలుగు మూగబోయాయి. మరొకటి నొక్కితే గొంతు రాసుకుపోయినవాడిలా గరగరమంటోంది. నిజామాబాద్‌లో పెట్టెలు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకుపోతే, తిప్పి తిప్పి చూసి, "తిత్తి కొత్తది ఏస్త సార్, రీడ్లన్నీ మారుస్త. కొత్త పెట్టె లెక్క పలుకుతది" అన్నాడు.

కొత్త పెట్టెలా పలకడమే నాకు అక్కరలేదు. ఒక్క వారం ఆగమని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను. రీడ్లు మార్చక ముందే ఆ పాత గొంతును దాచుకోవాలని నా ఆశ. దానికి దారి చూపింది మాత్రం మన భజనలకూ, మన ఊళ్ళకూ ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఒక విద్య. ఐరోపా చర్చిలలోని గొట్టాల ఆర్గాన్లను స్వరం స్వరంగా ముద్రించి, ఇంట్లో కంప్యూటరు మీద వాయించుకునే విద్య. వెతుకుతూ పోగా ఆ సంబంధం అంత దూరపుదేమీ కాదని తెలిసింది. ఈ టపా ఆ చుట్టరికం గురించే.

గొట్టాల ఆర్గాన్ చాలా పాతది. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో క్టెసీబియస్ అనే యంత్రశిల్పి నీటి ఒత్తిడితో గాలిని నిలకడగా ఉంచి, ఆ గాలిని గొట్టాలలోకి పంపే వాద్యాన్ని చేశాడు. ఆ తర్వాత అది చర్చిలోకి చేరి, గోడంత పెరిగింది. దాని సూత్రం మాత్రం మారలేదు. ఒక్కో గొట్టానికి ఒక్కటే స్వరం. నాదం మారాలంటే మరో వరస గొట్టాలు కావాలి. మామూలు వరసలో అన్నిటికంటే మందమైన స్వరం పలికే గొట్టం సుమారు 8 అడుగుల పొడవుంటుంది. అంతకంటే ఒక స్థాయి కిందికి దిగాలంటే 16 అడుగులు, ఇంకా దిగాలంటే 32 అడుగులు. కాబట్టి పెద్ద ఆర్గాన్‌లో వేల గొట్టాలుంటాయి. ఇంత సరంజామాను గోడ నుంచి విడదీసి చూడలేం. చర్చి కప్పు ఎత్తు, రాతి గోడలు, స్వరం ఆగిన తర్వాత కూడా హాలులో తిరుగుతూ ఉండే మోత, ఇవన్నీ ఆ వాద్యంలో భాగాలే.

అటువంటి దాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక కంప్యూటరు కాలంలో పుట్టింది కాదు. 1810లో పారిస్‌లో గ్రెనియే అనే ఆయన గొట్టాలు లేకుండా, లోహపు నాలుకలతో పలికే ఒక చిన్న ఆర్గాన్ చేశాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'భావం పలికే ఆర్గాన్'. పెద్ద ఆర్గాన్‌కు గాలి ఎప్పుడూ ఒకే ఒత్తిడితో అందుతుంది. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా స్వరం ఒకే బలంతో వస్తుంది. గ్రెనియే వాద్యంలో కాలితో గాలి కొట్టే తీరును బట్టి స్వరం ఉబ్బుతుంది, తగ్గుతుంది. 1840లో అదే నగరంలో అలెగ్జాండర్ డెబేన్ ఈ దారిలోనే ఒక వాద్యం చేసి, హార్మోనియం అన్న పేరుతో పేటెంటు తీసుకున్నాడు. ఈ లోహపు నాలుకల కిటుకు ఐరోపాకు తూర్పు నుంచే వెళ్ళిందని, చైనావారి షెంగ్ అనే నోటివాద్యం దానికి తాత వంటిదని చరిత్రకారులు చెబుతారు. అంటే, మన దగ్గరకు వచ్చేసరికి అది తూర్పుకు తిరిగి వచ్చిన చుట్టమే.

దాన్ని ఓడలెక్కించి తెచ్చినవారిలో మిషనరీలు ముఖ్యులు. గొట్టాల ఆర్గాన్‌ను మన ఎండకూ వానకూ నిలబెట్టడం కష్టం. కొయ్య బీటలు తీస్తుంది, తోలు చెడుతుంది, చెదలు పడతాయి, బాగుచేసే పనివాడు ఏ మద్రాసు నుంచో, కలకత్తా నుంచో రావాలి. హార్మోనియం అయితే బండి మీద పల్లెకు పోతుంది. మన జిల్లా దారిలోనే చూడండి: వెస్లియన్ మిషన్‌వారు డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి కట్టారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సా గౌడ్ దానికి విరాళమిచ్చారు. అదే మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో 1914లో మొదలుపెట్టిన పెద్ద చర్చి కరువు రోజుల్లో కూలిజనానికి అన్నం పెడుతూ లేచి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. బడి పిల్లలతో కలిసి నేను మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు నా కళ్ళు రంగుటద్దాల దగ్గరే ఆగిపోయాయి. ఆ హాలుకు ఒక గొంతు కూడా ఉంటుందని, దాన్ని కొలవవచ్చని అప్పుడు తెలియదు.

ఇంత పెద్ద చర్చి లేచిన నేలలో కూడా తెలుగు క్రైస్తవుల పాటకు తోడుగా నిలిచింది హార్మోనియమే. దానికి ఖర్చు ఒక్కటే కారణం కాదనుకుంటాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల నెత్తిన రాగమూ తాళమూ ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటివారు కట్టిన కీర్తనలకు నాలుగు గొంతుల పాశ్చాత్య ఏర్పాటు పొసగదు. ఒక గొంతు ముందు నడవాలి, పెట్టె దాని వెంట నడవాలి, పక్కన తబలానో డోలకో ఉండాలి.

హార్మోనియంకు ఈ నడక నేర్పిన మార్పు కలకత్తాలో జరిగింది. ద్వారకానాథ్ ఘోష్ అనే వాద్యాల వ్యాపారి పందొమ్మిదో శతాబ్దం చివరిభాగంలో కాళ్ళతో తొక్కే హార్మోనియంను చేత్తో తిత్తి కొట్టే పెట్టెగా మార్చాడు. కుర్చీ పోయింది, చాప వచ్చింది. ఎడమ చెయ్యి గాలికి, కుడి చెయ్యి మెట్లకు. రెండు చేతులతో వాయించడం పోయింది కనుక కింది స్వరాల దొంతర కూడా పోయింది. మిగిలింది ఒక్క వరస పాట. మనకు కావలసింది అదే. 1885లో మొదలైన సురభి వారి నాటకాలకూ, పద్యనాటకాలకూ, హరికథలకూ, భజన మందిరాలకూ ఈ పెట్టె ఎంతగా అలవాటైపోయిందంటే, 'పెట్టె వాయిస్తాడు' అంటే చాలు, ఏ పెట్టె అని ఎవరూ అడగరు.

అందరూ దాన్ని ఆదరించారని కాదు. దాని స్వరాలు పాశ్చాత్యుల సమవిభజన కొలతలో ఉంటాయి, గమకం పలకదు అన్నది పెద్ద ఆక్షేపణ. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ దాని మీద ఘాటుగా రాశాడు. టాగూరు తన ఆశ్రమంలోకి రానివ్వలేదు. 1940లో ఆకాశవాణి దాన్ని పూర్తిగా వెలివేసింది. ఆ వెలి సడలింది 1971లో. ముప్పై ఒక్క సంవత్సరాలు రేడియోలో వినిపించని వాద్యం ఊరూరా వినిపిస్తూనే ఉంది!

విచిత్రం ఏమిటంటే, హార్మోనియం రేడియోలోకి తిరిగివచ్చిన ఆ 1971లోనే అమెరికాలో అలెన్ కంపెనీ మొదటి డిజిటల్ చర్చి ఆర్గాన్‌ను బయటపెట్టింది. అంతకు ముందు 1935లో హామండ్ గొట్టాలు లేని విద్యుత్ ఆర్గాన్ తెచ్చాడు కానీ, అది తిరిగే లోహపు చక్రాలతో పుట్టించిన నాదం. అలెన్ వారిది అంకెలలో దాచిన నాదం. 1983లో మిడి అనే ఉమ్మడి భాష వచ్చాక ఏ మెట్ల పలకనైనా ఏ కంప్యూటరుకైనా తగిలించే వీలు కలిగింది.

ఈ మిడి సంగతి మన బ్లాగరులకు ఇట్టే అర్థమవుతుంది. లేఖినిలో ఇంగ్లీషు మీటలు నొక్కి 'అమ్మ' అని రాసిన రోజులు గుర్తున్నాయి కదా? యూనికోడులో దాచుకున్నది అక్షరం బొమ్మ కాదు, దాని సంఖ్య. ఆ సంఖ్యకు గౌతమి ఫాంటు ఒక రూపమిస్తుంది, పోతన మరో రూపమిస్తుంది. మిడి కూడా అంతే. నడిమి 'సి' మెట్టు నొక్కితే వెళ్ళేది 60 అనే అంకె. దానికి నాదం తొడిగేది కంప్యూటరులోని నమూనాల మూట. ఆ మూట ఒక చర్చి ఆర్గాన్‌ది అయితే మీ గదిలో ఆ చర్చి పలుకుతుంది. హాప్ట్‌వెర్క్ అనే అమ్మకపు సాఫ్టువేరు, గ్రాండ్ ఆర్గ్ అనే ఉచిత సాఫ్టువేరు చేసే పని ఇదే.

మూట కట్టడంలోనే ఉంది శ్రమంతా. చర్చి ఖాళీగా ఉన్న రాత్రివేళ, వీధిలో బండ్ల మోత తగ్గాక, ఒక్కొక్క గొట్టాన్ని విడిగా పలికిస్తారు. స్వరం మొదలయ్యే క్షణంలోని చిన్న ఊపిరి, మధ్యలో నిలకడ, వదిలాక హాలులో మోగుతూ ఆరిపోయే తోక, మూడూ కావాలి. కురచగా నొక్కి వదిలినప్పటి తోక వేరు, నిలబెట్టి వదిలినప్పటి తోక వేరు, కాబట్టి రెండూ ముద్రిస్తారు. గాలిమర గురకను, మెట్ల కొయ్య చప్పుడును కూడా వదలరు. అవి లేకపోతే 'ఎక్కడో' పలుకుతున్నట్టుంటుంది కానీ 'అక్కడ' పలుకుతున్నట్టు ఉండదట.

దీని విలువ ఏమిటో 2019 ఏప్రిల్ 15న లోకానికి తెలిసింది. పారిస్ నోత్రదామ్ చర్చి పైకప్పు ఆ రోజు తగలబడింది. సుమారు 8,000 గొట్టాల ఆర్గాన్ మంటలకు చిక్కకుండా బతికి, సీసపు ధూళితో నిండిపోయింది. దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. చర్చి 2024 డిసెంబరులో తెరుచుకుంది. శబ్దశాస్త్రజ్ఞులు 2013లోనే ఆ హాలు మోతను కొలిచి పెట్టుకున్నారు. కాలక ముందు ఆ కట్టడం ఎలా పలికేదో చెప్పగల సాక్ష్యం అలా మిగిలింది.

ఇదంతా చదివి నేను మా బాపు పెట్టె ముందు కూర్చున్నాను. చిల్లులకు గుడ్డ, జిగురు అంటించాను. రాత్రి పదకొండు దాటాక ఫ్యాను ఆపి, మైకు పెట్టి, పలికే 35 మెట్లూ ఒక్కొక్కటే ముద్రించాను. నాలుగు రాత్రులు పట్టింది. గరగరమనే మెట్టునూ వదలలేదు. మూట కట్టి, చిన్న పలక తగిలించి, ఆయన శనివారాలు వాయించే వరసనే వాయించాను. నాదం అదే. ముమ్మాటికీ అదే. పక్కగదిలోంచి అమ్మ వచ్చి నిలబడింది. కాసేపు విని, "పెట్టె మీ బాపుదే గని, మీ బాపు వాయించినట్టు లేదురా" అంది.

నాకు తట్టనిది ఆమెకు తట్టింది. ఆర్గాన్‌ను ఇంత చక్కగా ముద్రించగలగడానికి కారణం దాని గాలి నిలకడ. గొట్టానికి పలకడం, పలకకపోవడం తప్ప మూడో సంగతి లేదు. హెచ్చుతగ్గులు కావాలంటే వరసలు కలపాలి, లేదా గొట్టాల గది తలుపు రెక్కలు తెరిచి మూయాలి. గ్రెనియే ఏ లోటు తీర్చడానికి కొత్త వాద్యం చేశాడో, ఆ లోటే ఇక్కడ ముద్రణకు కలిసివచ్చింది. హార్మోనియంలో స్వరం కుడిచేతిది, ఊపిరి ఎడమచేతిది. నేను ముద్రించేటప్పుడు తిత్తిని సమంగా కొట్టాను, సమంగా కొట్టడమే పద్ధతి అనుకుని. బాపు సమంగా కొట్టేవారు కాదు. పల్లవి చివర తిత్తిని సగంలో ఆపి, భజనలో వెనక కూర్చున్నవాళ్ళు అందుకునేదాకా గాలిని బిగబట్టేవారు. ఆ ఆగడంలోనే ఆయన ఉండేవారు. దానికి నా దగ్గర నమూనా లేదు.

ఆయన 29 ఏళ్ళు పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ 1937లో నిజాం రోజుల్లో మొదలై, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు సీజనులో దాని సైరను విని అమ్మ ఎసరు పెట్టేది. మా చిన్నప్పుడు ఊరికంతటికీ గడియారం ఆ కూతే. దాన్ని ముద్రించుకోవాలని మాలో ఎవరికీ తోచలేదు, ఎప్పుడూ ఉంటుందనుకున్నాం కనుక.

పెట్టెను నిన్న బాగుచేసే ఆయనకు ఇచ్చి వచ్చాను. తిత్తి మార్చమన్నాను. రీడ్లలో పలికేవాటిని ముట్టుకోవద్దన్నాను. గరగరమనే దాన్ని కూడా అలాగే ఉంచమంటే ఆయన నన్ను వింతగా చూశాడు. పెట్టె వచ్చాక ఎడమచెయ్యి నేర్చుకుందామని ఉంది. అమ్మకు ఆ వరసలు ఇంకా గుర్తున్నాయి. ఎక్కడ ఆగాలో ఆమే చెప్పగలదు.

మీ ఇళ్ళ అటకల మీద ఇలాంటి పెట్టెలేమైనా ఉంటే, బాగుచేయించే ముందు ఒకసారి వాయించి ముద్రించుకోండి. వాయించిన మనిషి ఇంకా ఉంటే, ముందు ఆ మనిషి చేత వాయింపించండి.