ఖబరస్తాన్ ఎవరిది? సొంత ఖబరస్తాన్‌ల నియమాలు, మన ఉప్పల్-నాచారం సంగతులు



మనిషికి ఆఖరుకు కావలసింది ఆరడుగుల నేల అని మన పెద్దలు తరచుగా అంటుంటారు. ఆ నేల ఎక్కడ దొరుకుతుంది, దాని మీద హక్కు ఎవరిది, ఎవరు ఎవరిని కాదనవచ్చు అనే ప్రశ్నలు మాత్రం ఇంట్లో మయ్యత్ ఉన్నప్పుడే గుర్తుకొస్తాయి. ఆ గంటలో చర్చకు సమయం ఉండదు. జనాజా లేచేలోపు ఒకరు ముతవల్లీ సాబ్ ఇంటికి ఉరకాలి, ఇంకొకరు ఖబర్ తవ్వే మనిషిని వెదకాలి. అందుకని తీరిక ఉన్నప్పుడే ఈ సంగతి మాట్లాడుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాళ్ళం. పాత కాగితాలు ఉర్దూలో, కొన్ని ఫార్సీలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టమని తెలిసినవారు మా దగ్గరకు తెస్తుంటారు. అట్లా వచ్చినవారు అడిగే ప్రశ్న తరచుగా ఒక్కటే. "మాస్టర్ సాబ్, ఈ ఖబరస్తాన్ మా ఖాందాన్‌దా, అందరిదా?" దీనికి జవాబు కావాలంటే కొంచెం చరిత్ర, కొంచెం షరీఅత్, కొంచెం కోర్టు తీర్పులు తెలియాలి.

మూడు తీర్ల ఖబరస్తాన్‌లు

మన హైదరాబాద్ చుట్టుపక్కల చూస్తే ఖబరస్తాన్‌లు మూడు తీర్లుగా కనిపిస్తాయి.

మొదటిది ఖాందాన్ ఖబరస్తాన్. నాచారం నుంచి ఉత్తరం దిక్కు కొద్ది దూరం పోతే మౌలాలీ గుట్ట వస్తుంది. ఆ గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా మఖ్బరా ఉన్నది. ఉర్దూ కవయిత్రిగా పేరు పొందిన ఆమె, తన తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం 1792లో దానిని కట్టించింది. 1824లో తాను చనిపోయాక తల్లి పక్కనే దఫన్ అయింది. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉన్న పాయిగా మఖ్బరాలు కూడా ఈ కోవలోవే. 18వ శతాబ్దం చివరి నుంచి పాయిగా నవాబుల వంశం వారు అక్కడ నిద్రిస్తున్నారు.

రెండవది, యజమాని తన నేలను నలుగురి కోసం వదిలిపెట్టిన ఖబరస్తాన్. దీనికి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ మంచి ఉదాహరణ. సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580-1612) దగ్గర పేష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ అస్తరాబాదీ ఆ నేలను ఖబరస్తాన్ కోసం వక్ఫ్ చేసినారు. పేరులేని ఫకీర్లకూ అక్కడ చోటు దొరికింది. 1883లో చనిపోయిన దీవాన్ మొదటి సాలార్‌జంగ్ ఖబర్ కూడా ఆ దాయిరాలోనే ఉన్నది.

మూడవది మన ఊళ్ళ ఖబరస్తాన్. ఉప్పల్ కలాన్‌లో "కలాన్" అంటే ఫార్సీలో పెద్దది. ఉప్పల్ బాగాయత్‌లో "బాగాయత్" అంటే తోటలు. ఒకప్పుడు ఇవి మూసీ ఒడ్డున సేద్యం చేసుకునే పల్లెలు. ఇట్లాంటి పల్లెల్లో సాధారణంగా ఎవరో ఒక ఆసామి తన చెలక మూలన తండ్రిని దఫన్ చేసేవాడు. తరువాత పక్కింటి మయ్యత్ వస్తే వద్దనలేదు. ఆ తరువాత ఊరిలో పనికి వచ్చిన పరదేశి చనిపోతే అక్కడే చోటు ఇచ్చినారు. దస్తావేజు లేదు, గోడ లేదు. రెండు మూడు తరాలు గడిచాక అది ఊరి ఖబరస్తాన్ అయిపోయింది. చిక్కులన్నీ ఈ మూడవ తీరులోనే ఉన్నాయి.

షరీఅత్ చెప్పేది

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 12వ శతాబ్దపు ఇమామ్ మర్గీనానీ రాసిన "హిదాయా"లో దీని మీద చర్చ ఉన్నది. ఒకతను తన నేలను ఖబరస్తాన్‌కు ఇచ్చాడనుకుందాం. అతని మిల్కియత్, అంటే యాజమాన్యం, ఎప్పుడు పోతుంది? హాకిం హుకుం ఇచ్చినప్పుడని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. నోటితో చెప్పిన క్షణానే పోతుందని ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. జనం అందులో దఫన్ చేయడం మొదలైనప్పుడు పోతుందని, దానికి ఒక్కరి దఫన్ అయినా చాలునని ఇంకొక శిష్యుడు ఇమామ్ మహమ్మద్ అన్నారు. ముగ్గురి దారులు వేరైనా చేరేది ఒకే చోటికి. నలుగురి కోసం వదిలిన నేల తిరిగి ఇంటి ఆస్తి కాదు.

కోర్టులు చెప్పినది

ముల్తాన్‌లోని ఒక పాత ఖబరస్తాన్ తగాదా 1912-13లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. వక్ఫ్‌నామా కనిపించకపోయినా, ఎంతో కాలంగా ముస్లిములు దఫన్ చేస్తూ వచ్చిన నేల ఆ వాడుక వల్లనే వక్ఫ్ అవుతుందని అక్కడ తీర్పు వచ్చింది.

సొంత ఖబరస్తాన్ విషయంలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది 1976 నాటి సుప్రీంకోర్టు తీర్పు. మద్రాసు వైపు నుంచి వచ్చిన సయ్యద్ మహమ్మద్ సాలీ లబ్బై కేసులో జస్టిస్ ఫజల్ అలీ రాసిన ఆ తీర్పులో నాలుగు సూత్రాలు ఉన్నాయి. ఒకటి, దానపత్రం లేకపోయినా, యజమాని అభ్యంతరం పెట్టకుండా చాలా ఏండ్లు సమాజం వారిని దఫన్ చేస్తూ వస్తే అది పబ్లిక్ ఖబరస్తాన్ అని భావించవచ్చు. రెండు, ఖాందాన్ ఖబరస్తాన్ అనాలంటే అందులో స్థాపకుడు, అతని కుటుంబం, అతని సంతతి ఖబర్‌లే ఉండాలి. బయటివారిని ఒకసారి రానిచ్చినారంటే దాని సొంత స్వభావం పోయి అది పబ్లిక్‌ది అవుతుంది. మూడు, వాడుక వల్ల పబ్లిక్‌ది అయిందని రుజువు చేయడానికి ఎక్కడో ఒకటి రెండు దఫన్‌లు చూపితే చాలదు, ఎప్పటికప్పుడు జరిగిన దఫన్‌లు తగినన్ని చూపాలి. నాలుగు, రెవెన్యూ లేక చారిత్రక కాగితాల్లో పబ్లిక్ ఖబరస్తాన్ అని రాసి ఉంటే అది తిరుగులేని రుజువు.

రెండవ సూత్రాన్ని, మూడవ సూత్రాన్ని కలిపి చదివితే మన సభ్యుల ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. గేటుకు ఖాందాన్ పేరు రాసిన బోర్డు తగిలించినంత మాత్రాన ఖబరస్తాన్ సొంతం కాదు. లోపల ఎవరెవరు పడుకొని ఉన్నారో చూసి కోర్టు తేలుస్తుంది. తాత దయతలచి ఊరి వాళ్ళకు ఏండ్ల తరబడి చోటు ఇచ్చి ఉంటే, మనవడు గేటుకు తాళం వేసి "ఇది మాది" అనలేడు.

కాగితాల సంగతి

నాల్గవ సూత్రం మన ప్రాంతానికి చాలా ముఖ్యం. నిజాం రాజ్యంలో మత సంబంధమైన ఆస్తులను ఉమూర్-ఎ-మజ్హబీ అనే శాఖ చూసేది. వక్ఫ్‌ల వివరాలను కితాబుల్ అవ్‌ఖాఫ్ అనే రిజిస్టరులో ఎక్కించేవారు. 1949లో జాగీర్లు రద్దయినాయి, 1955లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణలో నేటికీ భూమి తగాదాలన్నిటికీ మూలం. మీ ఊరి ఖబరస్తాన్ సర్వే నంబరు ముందు ఆ పహాణీలో ఏమి రాసి ఉందో చూసుకోవడం మొదటి పని. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని, ఇనాం రద్దు చట్టం కింద పట్టా ఇచ్చినంత మాత్రాన అది చెరిగిపోదని 1998లో సయ్యద్ అలీ, ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఇప్పుడు దారి ఇరుకైంది. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చి, వాడుక వల్ల వక్ఫ్ అనే మాటను నిర్వచనం నుంచి తీసివేసింది. అప్పటికే రిజిస్టరై ఉన్నవి, తగాదా లేనివి, సర్కారు భూమి కానివి మాత్రం వక్ఫ్‌గానే ఉంటాయి. వివరాలు ఎక్కించడానికి 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచినారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 15న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో కొన్ని సెక్షన్లను ఆపింది కాని, ఈ వాడుక భాగాన్ని ఆపలేదు. రిజిస్ట్రేషన్ 1954 చట్టం నాటినుంచీ తప్పనిసరియే. "అందరికీ తెలిసిందే కదా, కాగితం ఎందుకు" అని ఊరుకున్న ఖబరస్తాన్‌లకే ఇప్పుడు ఎక్కువ ప్రమాదం.

మునిసిపాలిటీ నియమాలు

సొంత నేల కదా, ఇష్టం వచ్చినట్టు దఫన్ చేసుకోవచ్చని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఉప్పల్ కలాన్, కాప్రా మొదలైన 12 మునిసిపాలిటీలు 2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి గ్రేటర్ అయినాయి. అప్పటినుంచి ఇక్కడ కార్పొరేషన్ల చట్టం, 1955 వర్తించింది. పంచాయతీ చట్టంలోనైనా, మునిసిపల్ చట్టంలోనైనా అసలు సూత్రం ఒక్కటే. ఉన్న ఖబరస్తాన్ రిజిస్టరు కావాలి, కొత్తది తెరవాలంటే ముందు అనుమతి కావాలి, ఆరోగ్యానికి హాని అనుకుంటే మూయించే అధికారం స్థానిక సంస్థకు ఉన్నది.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం, 1969 ప్రకారం ఖబరస్తాన్ యజమాని లేక చూసుకునే మనిషి అక్కడ జరిగిన దఫన్ సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఈ బాధ్యత సొంత ఖబరస్తాన్‌కూ ఉన్నది. నేర విచారణ కోసం ఖబర్ తవ్వి మయ్యత్‌ను బయటికి తీయాలంటే మేజిస్ట్రేట్ హుకుం కావాలి. మనసులు నొప్పించే ఉద్దేశంతో ఖబరస్తాన్‌లో చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక క్రైస్తవ కుటుంబం తమ పెద్దాయనను సొంత పొలంలో దఫన్ చేస్తామని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పినారు. సొంత పొలంలో చేసుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, నిర్ణయించిన చోటనే చేయాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. మయ్యత్ అప్పటికే చాలా రోజులుగా ఆసుపత్రిలో ఉన్నందున, వేరే గ్రామంలోని క్రైస్తవ శ్మశానంలో దఫన్ చేయమని ఇద్దరూ కలిసి ఆదేశించినారు. ఏ మతం వారికైనా ఈ ప్రశ్న ఎంత బరువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొత్తగా వచ్చినవారి కష్టం

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. 1961లో ఎన్‌జీఆర్‌ఐ వచ్చినప్పటినుంచి, ఫ్యాక్టరీలు వచ్చి, 2017లో మెట్రో నడిచేదాకా ఉప్పల్, నాచారం ఊళ్ళు పట్నంలో కలిసిపోయినాయి. నల్లగొండ, వరంగల్, పాలమూరు నుంచి, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి కూలికి, నౌకరీకి వచ్చిన ముస్లిం కుటుంబాలు కిరాయి ఇళ్ళలో ఉన్నాయి. వారికి ఇక్కడ తాతల ఖబర్‌లు లేవు. మయ్యత్ అయితే "మీరు ఏ మొహల్లా, ఎవరి జమాఅత్" అన్న ప్రశ్న ఎదురవుతుంది. మాకు తెలిసిన ఒక నాచారం కుటుంబం ఇట్లాంటి జవాబులు విని విసిగి, రాత్రికి రాత్రి వ్యాన్ మాట్లాడుకొని మయ్యత్‌ను సొంత ఊరికి తీసుకపోయింది. పిల్లలు ఆ రాత్రిని మరచిపోతారా?

2020 మే నెలలో, కరోనా భయం రోజుల్లో, మన హైదరాబాద్‌లోనే ఒక ముస్లిం మయ్యత్‌ను ఆరు ఖబరస్తాన్‌లలో కాదన్నారు. ఆఖరుకు గంధంగూడలో హిందూ సోదరులు తమ శ్మశానంలో చోటు చూపినారు. ఆ సోదరుల మంచితనానికి చేతులెత్తి సలాం చేయాలి. కాని మన ఖబరస్తాన్‌ల గేట్లు ఎందుకు మూసుకున్నాయని కూడా మనల్ని మనం అడగాలి. అవి నిజంగా ఖాందాన్ ఖబరస్తాన్‌లే అయితే కాదనే హక్కు ఉన్నది. వక్ఫ్ అయి ఉంటే, ఒక ముస్లిం మయ్యత్‌ను పరాయి మొహల్లా అని తిప్పి పంపడం వక్ఫ్ ఉద్దేశానికే విరుద్ధం.

2022 డిసెంబర్ 6న నాగోల్ పక్కన ఫతుల్లాగూడలో ముక్తిఘాట్ తెరిచినారు. హెచ్‌ఎండీఏ ఆరున్నర ఎకరాల్లో కట్టిన ఈ స్థలంలో హిందువులకు రెండున్నర, క్రైస్తవులకు రెండు, ముస్లిములకు రెండు ఎకరాలు కేటాయించినారు. మన వైపు వారికి ఇది దగ్గరే. అయినా పెరిగే జనాభాకు రెండు ఎకరాలు ఎంతకాలం సరిపోతాయి?

మనం చేయవలసినది

ఖాందాన్ ఖబరస్తాన్ ఉన్న సోదరులకు మా మనవి ఇది. మీ వాళ్ళ కోసమే ఉంచుకోవాలంటే సరిహద్దు వేసి, ఖబర్‌ల జాబితా రాసి, ఆ మాట మీద నిలబడండి. నలుగురికీ ఇవ్వాలనుకుంటే వక్ఫ్‌నామా రాసి బోర్డులో రిజిస్టరు చేయించండి. అటూ ఇటూ కాకుండా నడిపిస్తే రేపు మీ పిల్లలు కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.

ఊరి ఖబరస్తాన్‌లను చూసే కమిటీలు ప్రతి దఫన్‌ను పేరు, తేదీ, మొహల్లాతో రిజిస్టరులో రాయాలి. 1976 తీర్పు అడిగే రుజువు ఆ రిజిస్టరే. ఖబర్ తవ్విన కూలి తీసుకోవడం న్యాయం. జాగకే ధర కట్టడం న్యాయం కాదు, వక్ఫ్ నేల అమ్మకం చట్టం ముందు చెల్లదు. ఖబర్‌లు కచ్చాగా ఉంచాలి. ఖబర్‌లకు సున్నం వేయడాన్ని, వాటి మీద కట్టడాలు కట్టడాన్ని ప్రవక్త (స) వారించినారని సహీహ్ ముస్లిం హదీసులో ఉన్నది. లోపలి మయ్యత్ పూర్తిగా మట్టిలో కలిసిపోయిన తరువాత ఆ చోట ఇంకొకరిని దఫన్ చేయడాన్ని హనఫీ ఆలిములు అనుమతించినారు. చుట్టూ సిమెంటు గట్టు కట్టి తరాల తరబడి ఒక్కరికే ఉంచుకుంటే ఉన్న నేల సరిపోదు.

మన సొసైటీ తరఫున ఉప్పల్, నాచారం ఖబరస్తాన్‌ల సర్వే నంబర్లు, పహాణీ నకళ్ళు, గెజిట్ కాగితాలు ఒక ఫైలులో చేర్చితే బాగుంటుంది. ఉర్దూ కాగితాలు చదివి తెలుగులో రాసిపెట్టే పని మేము సంతోషంగా చేస్తాము. కిరాయి ఇళ్ళలో ఉన్న కుటుంబాల పేర్లు ముందే రాసుకొని, కష్టం వచ్చిన రోజున ఎవరికి ఫోన్ చేయాలో వారికి చెప్పిపెడదాం. అల్లాహ్ మన మర్హూమ్‌లందరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.