పాఠశాల క్రీడా శిక్షకుని విధులు – వికారాబాద్, తాండూరు ప్రాంతాల పరిస్థితి
(ప్రత్యేక వ్యాసం)

వికారాబాద్: పత్రికలలో ‘కోచ్’గా పేర్కొనబడే వ్యక్తి ప్రభుత్వ పాఠశాల దస్త్రాలలో ఆ పేరుతో కనిపించరు. అక్కడ ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు లేదా ఫిజికల్ డైరెక్టర్. డి.పి.ఎడ్. లేదా బి.పి.ఎడ్. పూర్తిచేసి, డి.ఎస్.సి. ద్వారా నియమితులై, పాఠశాల విద్యాశాఖ పరిధిలో పనిచేస్తారు. కోచ్ అనగా ఏదో ఒక క్రీడలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. 1961లో పటియాలాలో నెలకొల్పిన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా ఇందుకు ప్రధాన అర్హతగా గుర్తింపు పొందినది. క్రీడా ప్రాధికార సంస్థ కోచ్‌లు విద్యాశాఖ సిబ్బంది కారు. ఈ రెండు హోదాలను కలిపివేసి వ్రాసిన వార్తపై వివరణ కోరవలసి వచ్చినప్పుడు ఏ శాఖను అడగవలెనో తెలియక అధికారులు, విలేకరులు ఇరువురూ ఇబ్బంది పడుట కద్దు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో వికారాబాద్, తాండూరు పట్టణాలు ఒకే రైలు మార్గంపై, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. అయినను మైదానం విషయంలో రెండింటికీ పోలిక లేదు. అనంతగిరి గుట్టల చెంతనున్న వికారాబాద్ పరిసరాలది ఎర్రనేల. వాన వెలిసిన కొద్దిసేపటికే పిల్లలు పరుగెత్తవచ్చును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందికి పేరెన్నికగన్న తాండూరుది నల్లరేగడి. కందిపంటకు మేలుచేసే ఆ నేలే వర్షాకాలంలో కబడ్డీ, ఖో–ఖో కోర్టులకు ప్రతికూలం. మొరం పరిపించనిదే అక్కడ సాధన సాగదు. కర్ణాటక సరిహద్దున ఉన్నందున తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం మాట్లాడే పిల్లలు కూడ ఇక్కడ ఒకే జట్టులో ఆడుచుందురు.

వ్యాయామ ఉపాధ్యాయుని విధులు ప్రార్థన సమయంలో క్రమశిక్షణతో ఆరంభమై, తరగతి వారీ ఆటల పీరియడ్లు, సాయంకాల సాధనలతో కొనసాగుతాయి. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలలో నిర్వహించే పోటీలకు జట్లను సిద్ధం చేయుట, జనన ధ్రువపత్రం, బోనఫైడ్ పత్రం సరిచూచుట, విద్యార్థులను తీసుకువెళ్లి సురక్షితంగా ఇంటికి చేర్చుట ఆయన బాధ్యతలే. పుట్టిన తేదీ విషయంలో ఏమరుపాటు జరిగినచో జట్టు మొత్తానికి నష్టం వాటిల్లును. పరీక్షల కాలం సమీపించగానే ఆటల పీరియడ్‌ను గణితానికి ఇచ్చివేయు అలవాటు పలుచోట్ల ఉన్నది. దీనిని ఏ ఉత్తర్వూ అనుమతించలేదు. అయినను అడ్డు చెప్పువారు అరుదు.

అన్నింటికంటె ముఖ్యమైన లోపం మరొకటి కలదు. 1993లో హకీంపేటలో ప్రారంభమైన క్రీడా పాఠశాలలోను, ఆ తరువాత వచ్చిన కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలలోను ప్రవేశం 4వ తరగతిలోనే జరుగుతుంది. ఒక్కొక్క పాఠశాలలో బాలురకు 20, బాలికలకు 20 సీట్లు. అర్హత వయస్సు 8 నుంచి 9 సంవత్సరాలు. కాని ఆ వయస్సు పిల్లలు చదివే ప్రాథమిక పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుని పోస్టు ఉండదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు సైతం 6 నుంచి 8 తరగతులలో విద్యార్థుల సంఖ్య 100 దాటిన చోటనే పాక్షిక కాల వ్యాయామ శిక్షకుని నిర్దేశించినది. అనగా, బిడ్డలోని చురుకును గుర్తింపగల వ్యక్తి ఆ బిడ్డకు తారసపడేసరికి ప్రవేశ వయస్సు దాటిపోవుచున్నది.

కొత్త నియామకాలతో ఈ ఖాళీ పూరింపబడుననుకొనుటకు లేదు. 2024 డి.ఎస్.సి.లో రాష్ట్రం మొత్తానికి ప్రకటించిన 11,062 పోస్టులలో వ్యాయామ ఉపాధ్యాయులవి 182. అందుచేత సమీప ఉన్నత పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు తన పరిధిలోని ప్రాథమిక పాఠశాలలకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లి పిల్లలను పరీక్షించుటయే ప్రస్తుతం సాధ్యమైన మార్గమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ రోజున ఆయన సొంత పాఠశాల పీరియడ్లకు ప్రత్యామ్నాయం చూపుట మండల విద్యాశాఖ అధికారి చేతిలోని పని.

గుర్తింపునకు, శిక్షణకు గల సంబంధమునకు వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి ఉదంతం ఉదాహరణ. ఆమె పరుగును మొదట గమనించినది పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. తీర్చిదిద్దినది ద్రోణాచార్య పురస్కార గ్రహీత, కోచ్ నాగపురి రమేశ్. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్ల టీ–20 విభాగంలో కాంస్యం సాధించినది.

క్రీడా పాఠశాల ఎంపికలో ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్‌జంప్, వర్టికల్ జంప్, 6×10 మీటర్ల షటిల్ రన్, మెడిసిన్ బాల్ త్రో, ఫ్లెక్సిబిలిటీ, 800 మీటర్ల పరుగు పరీక్షలు ఉంటాయి. వీటిలో అధిక భాగానికి టేపు, స్టాప్‌వాచ్, సున్నపు గీత చాలును. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ. 5,000 వరకు క్రీడా సామగ్రి నిధి కలదు. మెడిసిన్ బాల్‌ను అందులోనుండి కొనవచ్చును. ప్రవేశ ప్రకటన వెలువడినప్పుడు జిల్లా ఎడిషన్లు మండల ఎంపిక తేదీని, కావలసిన ధ్రువపత్రాలను తప్పక ప్రచురించగలరని పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి. ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులలో పలువురు ఆ సమాచారాన్ని పత్రికలోనే మొదట చూచెదరు.