ఒకే యంత్రము – పలు వాకిళ్ళు

1960 నాటికి కంప్యూటరు అనగా గదినంతను ఆక్రమించు యంత్రము. వెల లక్షలాది డాలర్లు. లెక్క కావలసినవారు ఆదేశములను కార్డులపై రంధ్రములుగా పొడిపించి, కట్టగట్టి యంత్రశాలలో ఇచ్చి, ఫలితమునకై గంటలకొలది వేచియుండవలసి వచ్చెడిది. ఒక్క తప్పు దొర్లినను పని మరల మొదటికి వచ్చెడిది.

ఈ బాధను తప్పించుటకై అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము 1961 నవంబరులో ఒక క్రొత్త పద్ధతిని ప్రదర్శించెను. యంత్రము ఒకరి పనిని క్షణకాలము చేసి, ప్రక్కనుంచి, వేరొకరి పనిని అందుకొనును. వరుస తిరిగి మరల మొదటివారి కడకు వచ్చును. దాని వేగము వలన, అది తమకొక్కరికే పనిచేయుచున్నట్లు ప్రతివారికి తోచును. ఇదియే కాలవిభజన పద్ధతి.

సౌకర్యముతో పాటు చిక్కు కూడ వచ్చెను. ఒకే యంత్రమున పలువురి ఫైళ్ళు చేరినవి. ఒకరివి మరొకరు చూడరాదు; ఎవరికిచ్చిన కాలమును వారే వాడవలెను. అందులకై ప్రతివారికి ఒక రహస్యపదము నిచ్చిరి. కాని ఆ పదములన్నియు ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయబడి యుండెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకిచ్చిన కాలము చాలలేదు. అతడు ఆ పట్టికను అచ్చువేయుమని కార్డు ద్వారా యంత్రమునకే ఆదేశమిచ్చి, అందరి రహస్యపదములను సంపాదించెను. చాలకాలమునకు గాని ఈ సంగతిని అతడు వెల్లడింపలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు గదా!

తరువాత జరిగినది ఇంకను వింత. ఇందులో దొంగయే లేడు. యంత్రమున ప్రవేశించు ప్రతివారికి ఆనాటి ప్రకటన యొకటి కనిపించెడిది. ఒకనాడు ఒక నిర్వాహకుడు ఆ ప్రకటనను, మరొకడు రహస్యపదముల పట్టికను ఒకే సమయమున సవరింపసాగిరి. సవరణ ప్రోగ్రాము తన చిత్తుప్రతికి ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టెడిది; ఒక వేళకు ఒక్కరే దానిని వాడుదురని నిర్మాతలు తలచిరి. చిత్తుప్రతులు తారుమారైనవి. ప్రవేశించిన వారికెల్ల ప్రకటనకు బదులు అందరి రహస్యపదములు కనిపించినవి! ఒక్క కాపురమునకై కట్టిన యింట పది కాపురములు పెట్టిన ఫలితమిది.

ఇట్టి చిక్కులకు క్రమముగా మూడు విరుగుడులు ఏర్పడినవి. మొదటిది: రహస్యపదమును దాచక, దానినుండి గణితము ద్వారా పుట్టిన వేరొక సంకేతమును దాచుట. బియ్యమును పిండి చేయవచ్చును గాని పిండిని తిరిగి బియ్యము చేయలేము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోజర్ నీధమ్ 1960 దశకములోనే ఈ ఉపాయమును ప్రవేశపెట్టెను. రెండవది: 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థలో స్థిరపడిన పద్ధతి. ప్రతి ఫైలును యజమాని, అతని బృందము, ఇతరులు ఎంతవరకు చదువవచ్చునో, మార్చవచ్చునో, నడుపవచ్చునో వేర్వేరుగా నిర్ణయింతురు. ‘రూట్’ అను సర్వాధికారికి మాత్రము ఈ హద్దులు లేవు. మూడవది: ఒకే యంత్రమును పలు యంత్రములుగా భ్రమింపజేయుట. ఐ.బి.ఎం. సంస్థ దీనిని 1967లో తన ప్రయోగశాలలో వాడుకలోనికి తెచ్చి, 1972లో విక్రయమునకు ప్రకటించెను. సామాన్య కంప్యూటర్లపై ఇది చురుకుగా సాగు మార్గమును 2003లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ‘జెన్’ అను ప్రోగ్రాముతో చూపిరి.

నేడు ‘వర్చువల్ ప్రైవేట్ సర్వర్’ పేర వెబ్‌సైట్లకై అద్దెకు దొరకునది ఇట్టి భ్రమాయంత్రమే. బయటి గోడలు యజమాని కట్టి యిచ్చును. లోపలి తలుపులు వేసికొనుట అద్దెదారుని పని. అందుచేత తెలిసినవారు ప్రతి వెబ్‌సైటుకు వేరు వాడుకరిని ఏర్పరచి, వానికి వాని ఫైళ్ళపై మాత్రమే అధికారమిత్తురు. రూట్‌ను నిత్యకృత్యములకు వాడరు. ఒక సైటులోని లోపము ద్వారా పరులు చొరబడినను, వారు సాధారణముగా ఆ గదిలోనే చిక్కుపడుదురు. తాళములెన్ని యున్నను, అన్ని గదులకు ఒకే తాళపుచెవి చేయించినచో అవి ఒక్క తాళముతో సమానమే.