గేట్లు, గీతలు, హద్దులు

ఆత్మకూర్ నుంచి గద్వాల దారి పట్టుకుంటే కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు వస్తుంది. ఎగువన నారాయణపూర్ ఆనకట్ట గేట్లెత్తి, ఉపనది భీమా కూడా పొంగిన రోజుల్లో అక్కడి ఇంజినీర్ల చూపంతా ఒక్క అంకె మీదే ఉంటుంది: 318.516 మీటర్లు. అదే పూర్తిస్థాయి నీటిమట్టం. ఇన్‌ఫ్లో గంటగంటకూ మారుతుంది, మట్టం మాత్రం ఆ హద్దు దాటకూడదు.

ముందే తెలియని ఇలాంటి తాకిడిని తట్టుకునే ఉపాయాల్లో స్లైడింగ్ మోడ్ కంట్రోల్ ఒకటి. 1950ల చివర, 60లలో మాస్కోలో ఎమెల్యానోవ్, ఉట్కిన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పెంచారు. 1977లో ఉట్కిన్ రాసిన సమీక్షా వ్యాసంతో ప్రపంచమంతా పాకింది. ఉండాల్సిన విలువకూ ఉన్న విలువకూ తేడా ఎంతుందో, అది ఎంత వేగంగా మారుతోందో రెండూ కలిపి ఒక గీత గీస్తారు. వ్యవస్థ ఆ గీతకు ఇటుంటే ఒక ఆజ్ఞ, అటుంటే దానికి ఎదురాజ్ఞ. గీత మీదికి చేరాక వ్యవస్థ దాని వెంటే లక్ష్యానికి జారుతుంది. ఆజ్ఞ బలానికి లోబడిన తాకిడి ఇక దాన్ని పక్కకు నెట్టలేదు. నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఈ మొండితనమే.

కానీ గీత దాకా చేరే దారిలో ఆ రక్ష లేదు. మట్టం హద్దు దాటే ప్రమాదం అక్కడే.

హద్దుల లెక్కకు వేరే వంశం ఉంది. హద్దు దాటకుండా ఉండాలంటే అంచున ఉన్నప్పుడు కదలిక బయటి వైపు ఉండకపోతే చాలని జపాన్ గణితవేత్త నగుమో 1942లోనే తేల్చాడు. హద్దు దగ్గరపడేకొద్దీ అంతులేకుండా పెరిగే అవరోధ ప్రమేయాన్ని టీ, గె, టే అనే పరిశోధకులు 2009లో నియంత్రణ సూత్రంలో వాడారు. ఆ ఆలోచన తర్వాత స్లైడింగ్ మోడ్‌లోకీ వచ్చింది.

ఇంకో చిక్కు గేటుది. గీత మీద ఆజ్ఞ క్షణక్షణం తిరగబడుతుంది, కానీ అంత బరువైన ఇనుప గేటును అలా ఎత్తి దించడం కుదరదు. అందుకని గీతను ఒక పట్టీగా వెడల్పు చేసి ఆజ్ఞను మెత్తబరుస్తారు. అప్పుడు మట్టం పట్టీలో అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు పది సెంటీమీటర్లు అనుకుంటే, లెక్కలో హద్దును 318.416 దగ్గరే పెట్టుకోవాలి. ఈ చిన్న తీసివేతను మరిచిన డిజైన్ కాగితం మీదే భద్రం.

గేట్లన్నీ ఎత్తినా పోయే నీటికన్నా వచ్చేది ఎక్కువైతే ఏ సూత్రమూ ఆపలేదు. 2009 అక్టోబరు వరదలో దిగువన శ్రీశైలం మట్టం 885 అడుగుల పూర్తిస్థాయిని దాటిపోయింది. అందుకే వరద రాకముందే జలాశయంలో చోటు చేసి ఉంచడం కూడా నియంత్రణలో భాగమే.