చక్కెరదీవి బార్బడోస్

కరీబియన్ దీవుల వరుసకు తూర్పున, అట్లాంటిక్ మహాసముద్రమున నొంటిగా నిలిచిన చిన్నదీవి బార్బడోస్. దాని పొడవు సుమారు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఇంతటి చిన్న నేలమీద, పదేండ్లయిన నిండకముందే, ఒకే శాసనసభ స్వేచ్ఛను కోరి యొక యొడంబడికను, దాస్యమును స్థిరపరచుచు నొక చట్టమును చేసినది. ఆ వైరుధ్యమునకు మూలము చెరకు.

దక్షిణ అమెరికానుండి పడవలపై వచ్చిన ఆదివాసులు పూర్వమీ దీవిలో శతాబ్దముల తరబడి నివసించిరి. కాని ఆంగ్లేయులు వచ్చునాటి కిది నిర్జనమై యుండెను. 1625లో జాన్ పవెల్ అను నావికుడు దీనిని ఆంగ్లరాజు పేర స్వాధీనమని ప్రకటించెను. 1627 ఫిబ్రవరి 17న అతని సోదరుడు హెన్రీ పవెల్ సుమారు 80 మంది వలసదారులతో పడమటి తీరమున దిగెను. ఆ యోడలోనే పదిమంది ఆఫ్రికన్ బానిసలును ఉండిరి. పిమ్మట పవెల్ గయానా తీరమునుండి ఆదివాసులను కొందరిని రప్పించెను. వారు క్రొత్తవారికి కర్రపెండలము, మొక్కజొన్న పండించుట నేర్పిరి. నేర్పినవారే తరువాత బానిసలైరి.

మొదట వలసదారులు పొగాకును, ప్రత్తిని సాగుచేసిరి. కూలికి బ్రిటన్‌నుండి ఒప్పందపు సేవకులు వచ్చెడివారు. అయితే వర్జీనియా పొగాకు ముందు ఈ పొగాకు నిలువలేదు. 1640 తరువాత బ్రెజిల్‌నుండి, డచ్చివారి తోడ్పాటుతో, చక్కెర పరిశ్రమ వచ్చెను. చెరకు రసమును చక్కెరగా మార్చు విద్య భరతఖండమున మిక్కిలి ప్రాచీనము. ఇంగ్లీషు ‘షుగర్’ పదమునకును మన ‘శర్కర’యే మూలము. నరికిన చెరకును వెంటనే ఆడవలెను. ఆలస్యమైన రసము పులియును. కావున గానుగలు, కాగుపొయ్యిలు రేయింబవళ్లు నడువవలెను. దానికి విస్తారమైన భూమి, పెట్టుబడి, ఎడతెగని చాకిరి కావలెను. చిన్నరైతులు భూములమ్ముకొనిరి, ఆఫ్రికన్లను ఓడలకొలది తెచ్చిరి. 1680 నాటికి వారి సంఖ్య తెల్లవారికి సుమారు రెట్టింపైనది.

1639లో ఏర్పడిన శాసనసభ తోటల యజమానులది. ఇంగ్లండు అంతర్యుద్ధమునకు పిమ్మట పార్లమెంటు నౌకాదళము దీవిని ముట్టడించినపుడు, 1652లో ఆయిస్టిన్స్‌లో సంధి జరిగెను. తమ సభ సమ్మతి లేక పన్నులు విధింపరాదని వారందులో వ్రాయించుకొనిరి. ఆ సభయే 1661లో బానిసల చట్టము చేసెను. శిక్షించుచుండగా బానిస మరణించిన యజమానికి దోషము లేదు. క్రూరబుద్ధితో కావలెనని తన బానిసను చంపినవాడు మాత్రము ఖజానాకు మూడువేల పౌనుల చక్కెర చెల్లింపవలెను. మనిషి ప్రాణమును చక్కెరతో తూచిన ఈ చట్టమును జమైకా, దక్షిణ కరోలినా వలసలు ఒరవడిగా గైకొనినవి.

1816లో బుస్సా నాయకత్వమున బానిసలు తిరుగబడిరి. ఆ తిరుగుబాటును సైన్యమణచెను. 1834లో బానిసత్వము రద్దయినను, నిర్బంధపు చాకిరి 1838 దాక సాగెను. నష్టపరిహారము ముట్టినది యజమానులకే. విముక్తులకు కాసైన దక్కలేదు.

1951లో తొలిసారి వయోజన వోటుహక్కుతో ఎన్నికలు జరిగినవి. 1966లో దీవి స్వతంత్రమైనది, 2021లో గణతంత్రమైనది. 1639 నాటి సభ నేటికిని కొనసాగుచున్నది. పూర్వ మెవరిని సొత్తుగా నెంచి చట్టము చేసెనో, వారి సంతతివారే నేడందు కూర్చుండి చట్టములు చేయుచున్నారు.