అవాయు అంటే ఖాళీ అని కాదు



గోబర్ గ్యాస్ దగ్గర, సైలేజీ గుంట దగ్గర 'అనరోబిక్' అనే మాట వింటుంటాం. బడి పుస్తకాల్లో దీన్నే 'అవాయు' అన్నారు. ఈ మాట ఎలా పుట్టిందో, దాని అర్థమేంటో తెలుసుకుంటే ఒక ప్రాణం నిలబడొచ్చు. అందుకే రాస్తున్నా.

1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రవేత్త మజ్జోరె సరస్సు అంచున బురదని కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి వెలిగించాడు. మండింది! వరి మడిలో కాలు పెడితే బుడబుడమని వచ్చేదీ ఎక్కువగా అదే, మీథేన్. దాన్ని పుట్టించే జీవులున్నాయని అప్పటికి ఎవరికీ తెలీదు. గాలి అందకుండా ఏ ప్రాణీ బతకదని అందరి నమ్మకం.

1861లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఆ నమ్మకాన్ని తిరగేశాడు. చెడిన వెన్న వాసన కొట్టే పులిసిన ద్రవం చుక్కని గాజు పలకల మధ్య పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాడు. చుక్క మధ్యలో సూక్ష్మజీవులు చురుగ్గా తిరుగుతున్నాయి. గాలి తగిలే అంచుల్లో మాత్రం కదలకుండా పడున్నాయి. మనకి ఊపిరైనదే వాటికి విషమన్నమాట. 1863లో వీటికి గ్రీకు మాటలు కలిపి పేరు పెట్టాడు: 'అన్' అంటే లేని, 'ఏర్' అంటే గాలి, 'బియోస్' అంటే బతుకు. గాలి లేని బతుకు.

పేరులో గాలి అని ఉన్నా, అసలు లెక్క ఆక్సిజన్‌ది. ఇక్కడే మనం పొరబడేది. అవాయు గుంట ఖాళీగా ఉండదు. గోబర్ గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. మామూలు గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది, అక్కడ దాదాపు ఉండదు. ఊపిరి పీలుస్తూనే ఉంటాం, ఉన్నట్టుండి కూలిపోతాం. పడ్డవాణ్ణి తీద్దామని దిగినవాడూ అంతే.

పాత బావిలోకి దీపం దించి చూడటం మన పెద్దలకి అలవాటు. గ్యాస్ గుంట దగ్గర ఆ పని అస్సలు చెయ్యొద్దు, మీథేన్ అంటుకుని పేలుతుంది. పైగా దీపం వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని కాదు.

పూడిక తియ్యాలంటే పైనుంచే తియ్యండి. మనిషి దిగక తప్పదంటే పరికరాలున్న, తెలిసినవాళ్లనే పిలవండి. లోపల ఎవరైనా పడితే వెంటనే దిగకండి, 101కి ఫోన్ చెయ్యండి. ఆ గుంటలో బతకడానికి పుట్టిన జీవులు వేరే ఉన్నాయి, మనం కాదు.