నార్న్ తలలో నలభై అరలు

గుడ్డు చిట్లింది. పెద్ద పెద్ద కళ్ళేసుకుని ఒక నార్న్ పిల్ల ఆల్బియా అనే లోకంలోకి వచ్చి పడింది. తెరకు ఇవతల కూర్చున్న మనిషికి ఆ లోకంలో ఉన్నది ఒక్క చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి క్యారెట్ తెచ్చి పిల్ల ముందు పెట్టింది. పిల్ల చూస్తుండగా ఆటగాడు కీబోర్డు మీద ‘క్యారెట్’ అని కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చివరికి పిల్ల నోట ఆ మాట వచ్చింది. మురిసిపోయి నిమిరాడు.

కాసేపటికి చీజ్ ముక్క కనబడింది.

“క్యారెట్” అంది నార్న్.

1996 చివర్లో బ్రిటన్‌లో విడుదలైన ‘క్రీచర్స్’ అనే కంప్యూటర్ ఆట ఆడినవాళ్ళకు పరిచయమైన అనుభవాలను ఇక్కడ ఒక్క కథగా పేర్చాను. సన్నివేశం నా కూర్పే. ఆ తల లోపల జరిగేది మాత్రం యథార్థం.

కేంబ్రిడ్జ్‌లోని మిలీనియం ఇంటరాక్టివ్ సంస్థలో ఈ ఆటకు రూపమిచ్చిన స్టీవ్ గ్రాండ్, నార్న్ అనే ఈ కల్పిత జీవికి ఓ చిన్న మెదడు ఇచ్చాడు. సుమారు 1000 న్యూరాన్లు, వాటి మధ్య 5000 దాకా బంధాలు. అందులో ధ్యాసను నడిపే భాగంలో వస్తువుల్ని పోపులపెట్టెలోలా అరలుగా విడదీశారు. తిండికొక అర, బొమ్మలకొక అర. మొత్తం నలభై. ఏ అర ఎక్కువగా ఉద్దీపన పొందితే నార్న్ చూపు అటు తిరుగుతుంది. ఏం చేసినా ఆ చూస్తున్న దానితోనే చేస్తుంది.

ఒక్కో అర నుంచి ఒకసారికి ఒక్క వస్తువే దాని ధ్యాసకు అందుతుంది. ముందు మూడు క్యారెట్లున్నా దానికి ‘తిండి’ ఒక్కటే. నేర్పిన పేరు అతుక్కునేది కూడా వస్తువుకు కాదు, అరకు. పిల్ల తప్పు చెప్పలేదు. దానికి క్యారెట్‌కీ చీజ్‌కీ తేడా అనేదే లేదు.

ఆటగాడికి ఇది తెలియదు. పేరు తప్పు చెప్పిందని, చీజ్ తింటున్న పిల్లకు ఒక్కటి తగిలించాడు. ఈ కథలో నా మనసు కలుక్కుమనేది ఇక్కడే. దెబ్బ పడగానే నార్న్ ఒంట్లో శిక్షను సూచించే రసాయనం పెరుగుతుంది. అప్పుడే తీసుకున్న నిర్ణయాన్ని మళ్ళీ తీసుకునే అవకాశం తగ్గుతుంది. ‘చీజ్‌ను క్యారెట్ అనకు’ అన్న పాఠం దానికి చేరదు. ‘తిండి తినకు’ అన్నది చేరుతుంది. తర్వాత ఆకలేసినా, ఎదురుగా తిండి ఉన్నా, పిల్ల తటపటాయిస్తుంది.

తిండి మంచిదా, దెబ్బ తెచ్చేదా అన్నది నార్న్ సొంతంగా నేర్చుకుంటుంది. ఏది తిండి అన్నది మాత్రం పుట్టకముందే ఎవరో రాసిపెట్టిన తలరాత.

1999లో వచ్చిన ‘క్రీచర్స్ 3’లో అరల్ని ఇంకా సన్నగా చీల్చారు. విత్తనం, పండు, తిండి వేర్వేరయ్యాయి. కుళ్ళినవాటికీ చెత్తాచెదారానికీ చెరో అర దక్కింది. అభిమానులు సొంతంగా కొత్త వస్తువులు తయారుచేసి ఆ లోకంలోకి వదిలేవారు. ప్రతిదానికీ కుటుంబం, ప్రజాతి, జాతి అని మూడు అంకెలు వేయాలి. పండుకు మొదటి రెండూ 2, 8. బొమ్మకు 2, 21. తియ్యటి మామిడిని గీసి పొరపాటున 21 వేస్తే, నార్న్‌కు అది ఆడుకునే వస్తువే. రంగు, గుండ్రటి ఒళ్ళు, నిగనిగ, ఇవన్నీ మన కళ్ళకే.

ఇలా ముందే పేర్లు పెట్టి అప్పగించిన లోకంతో గ్రాండ్‌కు తృప్తి కలగలేదని నాకనిపిస్తుంది. తర్వాత చేసిన పనే దానికి ఆధారం. సంస్థ నుంచి బయటికొచ్చి, లూసీ అనే ఒరాంగుటాన్ రోబోను ఇంట్లోనే కట్టడం మొదలుపెట్టాడు. దానికి ముందే రాసిచ్చిన అంకెల్లేవు. కెమెరా కన్ను పట్టిన ఆకారాల్లోంచే, ఏది అరటిపండో ఏది యాపిలో అదే తేల్చుకోవాలి. ఏళ్ళ తరబడి శ్రమించాక లూసీ సాధించిన పెద్ద విజయం, అరటిపండును గుర్తుపట్టి దాని వైపు చెయ్యి చాపడం.